పెడల్ తన్నింది

కారు ముందు భాగం స్టాండ్ల మీద లేచి ఉంది. ఎడమ చక్రం ఊడి వచ్చి సెల్లారు గోడకి ఆనుకుంది. ఆ చక్రం ఉండాల్సిన చోట ఆమె తల దూర్చి కూర్చుంది, కింద పాత దిండొకటి వేసుకుని, జుట్టు ముడేసి దాని మీద అమ్మ స్కార్ఫు బిగించి. భోజనాల వేళకి వస్తానన్నాడు తమ్ముడు, వాడు అన్నాడంటే వస్తాడు, ముందైనా వస్తాడు గానీ ఆలస్యంగా రాడు, చిన్నప్పట్నించీ అంతే, బడి గేటు తీయకముందే వెళ్ళి గేటు పట్టుకుని నిలబడే రకం. వాడి వెనకాలే పాత బండ్లు కొనే మనిషి వస్తాడు. కొక్కెం తగిలించి లాక్కుపోతాడు, కారు ఏ ముక్కకా ముక్క అయిపోతుంది, పెడల్ ఎందుకు తన్నిందో ఎవరికీ తెలియకుండా పోతుంది, అమ్మ మాత్రం మిగిలిన బతుకంతా పై గదిలో కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతూ కూర్చుంటుంది. అదెలా పోనిస్తుంది తను? పోనివ్వదు. టార్చి నోట కరుచుకుని సెన్సర్ తీగ పట్టుకుంది, వేళ్ళకి గ్రీజూ పాత దుమ్మూ కలిసి అంటుకుంటున్నాయి, అంటుకోనీ.

అమ్మ టాక్సీ నడిపింది. ఇద్దరు పిల్లల్ని ఆ స్టీరింగు మీదే పెంచింది, వీధిలో అందరూ స్టీరింగమ్మ అనేవాళ్ళు, మొదట వెక్కిరింతకే అన్నారు, తర్వాత నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా, రైలుకి పొద్దుపోయినా, స్టీరింగమ్మని పిలవండర్రా అనడం అలవాటైంది, వెక్కిరింత ఎప్పుడు మర్యాదగా మారిందో ఎవరూ గమనించలేదు. మనిషి పొట్టి. సీటు ముందుకి లాక్కుని గుండెకీ స్టీరింగుకీ మధ్య జానెడు చోటు కూడా లేకుండా కూర్చునేది, ఆ సీటు ఎవరు కదిపినా ఊరుకునేది కాదు, కారు కడిగే అతను ఒకసారి వెనక్కి జరిపితే, ఇంట్లో నా మంచం జరుపుతావా అని అడిగింది. ఎక్కినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా ఆమె అనే మొదటి మాట ఒకటే, తలుపు సరిగ్గా వేసుకోండి. కూతురికీ అదే, కొడుక్కీ అదే, పెళ్ళయి వచ్చిన కోడలికీ మొదటి రోజు అదే, పాపం ఆ పిల్ల అత్తగారు ఆశీర్వదిస్తుందేమోనని తల వంచి కూర్చుంటే, అమ్మా, తలుపు సరిగ్గా పడలేదు, ఇంకోసారి వెయ్యి అంది. మరదలు ఆ సంగతి మొన్నమొన్నటిదాకా చెప్పి నవ్వేది. ఈమధ్య చెప్పడం లేదు.

ఎందుకు చెబుతుంది? వాళ్ళ ఇంటి గేటు ముందే జరిగింది. అమ్మ మనవరాల్ని ఈత క్లాసునించి తీసుకొస్తోంది, పిచ్చుక అని పిలుస్తారు దాన్ని, నోరు మూయదు గనక. ఇల్లు వచ్చేసిందని పిచ్చుక బెల్టు తీసేసి నిలబడబోయింది, కారు మనిషి నడిచినంత నెమ్మదిగా వెళ్తోంది, అమ్మ బ్రేకు తొక్కింది, కారు ఆగలేదు, గేటు స్తంభానికి కొట్టుకుంది, పిల్ల ముఖం ముందున్న డ్యాష్‌బోర్డుకి తగిలి పెదవి చిట్లింది. దెబ్బ చిన్నదే. కానీ నెత్తురు నెత్తురే, అందులో చిన్నపిల్ల నెత్తురు. మరదలు పరుగెత్తుకొచ్చి పిల్లని లాక్కుని అమ్మ వైపు చూడకుండా లోపలికి పోయింది, అది అమ్మకి తగిలింది. అమ్మ స్టీరింగు వదలకుండా అలాగే కూర్చుని, నేను తొక్కాన్రా, బాగానే తొక్కాను, పెడల్ నా కాలిని తన్నింది అంది. తమ్ముడు భయంలో ఉన్నాడు, భయంలో ఉన్నవాడి నోటికి అదుపుండదు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అమ్మా నీ వరస, వయసైపోయింది, తప్పు పెడల్ తొక్కావు, ఒప్పుకోరాదూ అన్నాడు. తర్వాత వాడే బాధపడ్డాడు, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ అన్న మాట ఎక్కడికి పోతుంది?

మెకానిక్ షెడ్డాయన చూశాడు, చూడకేం. మంచివాడే. మెషిన్ పెట్టాడు, ఎడమ ముందు చక్రం సెన్సర్ అని చూపించింది, ఆ సెన్సర్ మార్చాడు, మర్నాటికి మళ్ళీ అదే దీపం, డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ అనే ఆ మూడు అక్షరాల పసుపు దీపం, బ్రేకు తొక్కితే చక్రం జారకుండా చూసే ఏర్పాటుది. ఇంకోసారి తీసుకెళ్తే దీపం వెలుగుతుండగానే రోడ్డంతా తిప్పి, గట్టిగా తొక్కి చూసి, బ్రేకులు బంగారంలా ఉన్నాయి, పాత బండి కదా, దానికి తోచినప్పుడల్లా వెలుగుతుంది, పట్టించుకోకండి అన్నాడు. బ్రేకులు బంగారమైతే తప్పు కాలిదే. అందరికీ లెక్క తేలిపోయింది. అమ్మ తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టేసింది, పిచ్చుక వారం వారం రావడం మానేసింది, అమ్మ టీవీ పెట్టుకుని టీవీ వైపు చూడకుండా కూర్చోవడం మొదలైంది. అయినా ఇవన్నీ ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేనిది మొన్న సాయంత్రం జరిగింది. గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ అమ్మ తనలో తనే అన్నట్టు, ఏమోనే, నేనే తప్పు పెడల్ తొక్కానేమో అంది. నిజంగా తప్పయితే తప్పని ఒప్పుకునే మనిషే, కానీ ఇది ఒప్పుకోవడం కాదు, తన కాలిని తనే వదులుకోవడం. ఆ ఏమో విన్న క్షణమే ఆమె అనుకుంది, తేలుస్తాను, ఏదైతే అదవుతుంది, అమ్మదే తప్పని తేలినా సరే గానీ ఊరికే పోనివ్వను.

తేలకపోతే? తేలుతుంది. ఆమె చేసే పనే అది. చెవి మిషన్లు బాగుచేస్తుంది, చెవి వెనక పెట్టుకునే ఆ చిన్నచిన్నవి. రోజూ దుకాణానికి ఒక పెద్దాయనో పెద్దావిడో వస్తారు, పక్కన కొడుకో కూతురో ఉంటారు, మిషన్ గరగరమంటోంది తల్లీ అని పెద్దవాళ్ళంటారు, మిషన్ బాగానే ఉందండీ, ఈయనకే చెవులు పోయాయి అని పిల్లలంటారు. వాళ్ళ మాటా వీళ్ళ మాటా ఆమె నమ్మదు. మిషన్‌కి సన్న గొట్టం తగిలించి తన చెవిలో పెట్టుకుని వింటుంది. ముందు విను, తర్వాత మాట్లాడు అని నేర్పాడు ఆమెకి పని నేర్పినాయన, ఆయనకే సరిగా వినపడదు, అది వేరే సంగతి. నూటికి తొంభై సార్లు గరగర నిజమే. పెద్దవాళ్ళు చెప్పడం సరిగా రాక చెప్పలేరు గానీ అబద్ధం చెప్పరు. మరి అమ్మ తన్నింది అంటే తన్ననే తన్నింది అని ఎందుకు అనుకోలేదు తను, అన్ని రోజులు ఎందుకు ఊరుకుంది, దుకాణంలో ఎవరి అమ్మకో ఇచ్చిన ఆ కాస్త నమ్మకం ఇంట్లో ఇవ్వడానికి ఇంతకాలం పట్టిందా? పట్టింది. సరే, ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే తమ్ముడొచ్చేస్తాడు. తీగ కొస విప్పు.

విప్పింది. దుకాణం నించి తెచ్చిన అరచేతిలో పట్టే ఆంప్లిఫయర్ పెట్టె పక్కనే ఉంది, చెవుల్లో పెట్టుకునే ఫోన్లు దానికి తగిలించి ఉన్నాయి. ఈ ఆలోచన రాత్రి పడుకున్నప్పుడు వచ్చింది, మెషిన్ తెరకేసి చూసి షెడ్డాయన తెలుసుకోలేనిది తను వింటే తెలియదా అని. పెద్ద విద్యేం కాదు, ఏ మెకానిక్‌కైనా తెలిసిందే. ప్రతి చక్రం వెనకా పళ్ళున్న ఇనుప రింగు ఒకటుంటుంది, దానికెదురుగా సెన్సర్ ఉంటుంది, చక్రం తిరిగితే పన్ను వెంట పన్ను దాని ముందునించి పోతుంటుంది, ఆ పళ్ళు పోయే తీరుని బట్టి లోపలున్న కంట్రోల్ పెట్టె ఈ చక్రం తిరుగుతోందా, బిగుసుకుపోయి జారుతోందా అని కనిపెడుతుంది. అంటే సెన్సర్ ఒక చెవి. చెవి పాడైందన్నారు, కొత్త చెవి పెట్టారు, అయినా సరిగా వినపడటం లేదు. అలాంటప్పుడు మాట్లాడేవాడి వైపు చూడొద్దూ? ముందు కుడి చక్రం దగ్గరికి పాకింది, బాగున్నది ఎలా ఉంటుందో తెలియకుండా చెడ్డది ఎలా తెలుస్తుంది, ఆ సెన్సర్ తీగలు ఆంప్లిఫయర్ పెట్టెకి కలిపి చక్రాన్ని చేత్తో తిప్పింది. గుర్ర్ర్ర్ అని నిండుగా, ఎక్కడా తడబడకుండా, పిల్లి ఒళ్ళో పడుకుని చేసే చప్పుడులా. ఇంకోసారి తిప్పింది, అదే. మళ్ళీ ఎడమ వైపు. తీగలు కలిపింది. చక్రం బిగించే హబ్బు పట్టుకుని నెమ్మదిగా తిప్పింది.

గుర్ర్ర్ర్, టప్, గుర్ర్ర్ర్. తనే చెయ్యి కదిపిందేమో, తీగ వదులుగా ఉందేమో, అనుకున్నది వినపడటం కూడా ఒక జబ్బే, దుకాణంలో ఎంతమందిని చూడలేదు. మళ్ళీ తిప్పింది. గుర్ర్ర్ర్, టప్. సుద్దముక్క తీసి టప్ అన్నచోట గీత పెట్టింది, మళ్ళీ తిప్పింది, గీత పైకి రాగానే టప్, ఇంకోసారి, గీత, టప్, గీత, టప్, కావాలని కళ్ళు మూసుకుని తిప్పి టప్ అనగానే ఆపి కళ్ళు తెరిచింది, చేతి ఎదురుగా గీత. చిన్న అద్దం లోపలికి దూర్చి టార్చి వేసింది. రింగు కింద తుప్పు పొంగి ఉంది, ఎన్నేళ్ళ వానలో, ఎన్ని గుంటల నీళ్ళో, ఆ తుప్పు లోపల్నించి తోసి తోసి రింగుని చీల్చేసింది, రెండు పళ్ళ మధ్య గోరు దూరేంత పగులు. గోరు పెట్టి చూసింది. దూరింది. మద్దెల నిజంగానే ఓడు, ఒరేయ్ తమ్ముడూ, మద్దెల నిజంగానే ఓడురా. నవ్వొచ్చింది, నవ్వు ముగిసేలోగా ఏడుపొచ్చింది, కారు కింద మనిషి ఏడిస్తే చూసేదెవరని కాసేపు ఏడ్చింది కూడా. స్కార్ఫు అంచుతో కళ్ళు తుడుచుకుంటే కంటికి గ్రీజంటుకుంది.

అయితే ఎప్పుడూ తన్నాలి కదా. అప్పుడప్పుడే ఎందుకు? షెడ్డాయన తొక్కితే ఎందుకు తన్నలేదు? అద్దం చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. జోరుగా వెళ్తుంటే ఆ లోటు తెలియదు, పాటలో ఒక దెబ్బ తప్పితే ఎవరు పట్టుకుంటారు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడే పగులు దగ్గర శబ్దం తెగుతుంది, చక్రం బిగుసుకుపోయిందనుకుంటుంది కంట్రోల్ పెట్టె, జారుతోంది కాబోలని తొక్కిన బ్రేకుని తనే వదిలేస్తుంది, పడుతుంది, వదులుతుంది, ఆ కొట్టుకోవడమే కాలి కింద తన్ను. మరి లోపం ఉందని పెట్టెకే అనుమానమొస్తే? అప్పుడు పసుపు దీపం వెలిగించి, ఇక నేను కల్పించుకోను, మామూలు బ్రేకులతో పొండి అని తప్పుకుంటుంది. దీపం వెలిగి ఉన్నంతసేపూ తన్నదు. షెడ్డాయన దీపం వెలుగుతుండగానే తొక్కి చూశాడు, బంగారమన్నాడు, ఆయన అబద్ధమాడలేదు. ఇంజిను ఆపి మళ్ళీ తాళం తిప్పితే దీపం ఆరిపోతుంది, పెట్టె అంతా మర్చిపోయి మళ్ళీ పనిలోకి దిగుతుంది, మళ్ళీ తన్నడానికి తయారు.

అక్కడ ఆగిపోయింది ఆలోచన. ఎందుకంటే అమ్మ అలవాటు గుర్తొచ్చింది. టాక్సీ మనిషి, ఎక్కినవాళ్ళ ఎదురుగా ఎర్రదో పచ్చదో దీపం వెలుగుతుంటే పరువు తక్కువ ఆమెకి, ఎక్కినవాళ్ళకి భయం పుట్టకూడదే అనేది, అందుకని ఎవరైనా ఎక్కే ముందు పక్కకి ఆపి ఇంజిను కట్టేసి మళ్ళీ తిప్పేది, దీపం ఆరేది, ఆరింది చూశావా, మన మాట వింటుంది అని మురిసిపోయేది. ఆ రోజు కూడా ఈత కొలను ముందు ఆపి, మనవరాలు ఎక్కబోతోందని, అందరికన్నా విలువైన ప్యాసింజరు గనక, దీపం ఆర్పే ఉంటుంది. ఆర్పకపోతే ఏమీ జరిగేది కాదు. జాగ్రత్త పడింది, ఆ జాగ్రత్తే గేటుకి తీసుకెళ్ళి కొట్టింది. ఇది చెప్పాలా? కాలి తప్పు కాదని తేల్చిన నోటితోనే చేతి తప్పని చెప్పాలా? దాచేస్తే ఎవరికి తెలుస్తుంది, రింగు పగిలిందంతే, రెండో ముక్క అక్కర్లేదు. కానీ అమ్మకి జాలి పడేవాళ్ళంటే గిట్టదు. రోడ్డు సంగతి రోడ్డు మీద నడిపేవాళ్ళ దగ్గర దాస్తారా? చెబుతుంది. చెప్పే వేళ చూసి చెబుతుంది. ముందు తమ్ముడి కాలు.

అవును, వాడి కాలే. ఆమె చేతులు మాత్రం అప్పుడే తుప్పు గీకడానికి ఉలి కోసం వెతుకుతున్నాయి, చెడింది కనపడితే చేతులూరుకోవు, వృత్తి దోషం, ఒక్క పూటలో రింగు మార్పించేయొచ్చు. మార్చేస్తే ఇక ఎవరు నమ్ముతారు? ఓహో రింగా, సరేలే అక్కా అంటాడు, లోపల్లోపల మాత్రం అమ్మ వయసు అమ్మ వయసే. అక్క అమ్మని వెనకేసుకొస్తోంది అనుకుంటుంది మరదలు, అనుకోవడంలో ఆ పిల్ల తప్పూ లేదు. ఇది మాటలతో పోయేది కాదు, వాడి కాలికే తెలియాలి. ఉలి పక్కన పెట్టేసింది. తీగలు మళ్ళీ సెన్సర్‌కి కలిపింది, చక్రం ఎత్తి బిగించింది, వేళ్ళు నలిగితే ఒక తిట్టు తిట్టింది, స్టాండ్లు తీసి కారు దించింది, సెల్లారు చివరి గోడకి స్టోర్‌రూములోని పాత పరుపు ఈడ్చుకొచ్చి నిలబెట్టింది. తాళంచెవి తమ్ముడి దగ్గర ఒకటుంటే రెండోది అమ్మ సూదిదారాల డబ్బాలో ఉంటుంది, పొద్దున్నే తీసి ఉంచుకుంది. ఎక్కి సీటు జరపకుండానే మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అలాగే కూర్చుని తాళం తిప్పింది. దీపం వెలిగి ఆరింది. మనిషి నడక వేగం, పరుపు దగ్గరవుతోంది, కాలు మెల్లగా బ్రేకు మీద. ఏమీ లేదు. ఆగింది. వెనక్కి తీసుకుంది, మళ్ళీ. ఏమీ లేదు. దేవుడా. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, తొక్కింది, అప్పుడు టటటటట అని పాదం కింద ఎవరో లోపల్నించి గుద్దినట్టు, పెడల్ కాలిని పైకి విసిరికొట్టింది, కారు ఆగనంటే ఆగనని ముందుకి పాకి మెత్తగా పరుపులో దూరింది. పసుపు దీపం వెలిగింది. ఆమె అరికాలు ఇంకా అదురుతోంది. అమ్మా, తన్నింది, అని పైకే అనేసింది.

ర్యాంపు మీద తమ్ముడి చెప్పుల చప్పుడు. ముందే వచ్చాడు, ఏం చెప్పింది తను.

"ఏంటక్కా ఈ అవతారం? ఆయన బయట వెయిట్ చేస్తున్నాడు."

"చెయ్యనీ. ఒక్కసారి ఎక్కి నడుపు. ఆ పరుపు దాకా వెళ్ళి బ్రేకు తొక్కు, అంతే."

"ఇప్పుడివన్నీ ఎందుకే..."

"ఒరేయ్, నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని మోశాను. ఒక్కసారి ఎక్కు."

ఎక్కాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు, జరిపిన చప్పుడు ఆమెకి ఎక్కడో తగిలింది. ఇంజిను ఆపి మళ్ళీ తిప్పమంది, దీపం ఆరింది. మెట్ల మీద ఎవరో ఉన్నారనిపించి తలెత్తింది, అమ్మ, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, కిందికి రాకుండా, పైకి పోకుండా. ఎప్పట్నించి ఉందో. కారు కదిలింది, తన్నమ్మా, అని మనసులో బతిమాలింది ఆమె, ఇంతవరకు ఎవరూ ఒక బండిని అలా బతిమాలి ఉండరు, ఇప్పుడు తన్నకపోతే ఇంకెప్పుడూ తన్నకు. తమ్ముడు తొక్కాడు. ఆగింది. వాడు అద్దంలోంచి చూశాడు. "ఇంకోసారి," అంది. వెనక్కి, ముందుకి. ఆగింది. "అక్కా, ఇక చాలు..." "ఇంకోసారి." వెనక్కి. ముందుకి. టటటటట అన్న చప్పుడు బయటికే వినపడింది, కారు వాడి మాట వినకుండా పాకి వెళ్ళి పరుపుని గుద్దుకుంది.

వాడు దిగలేదు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కిటికీలోంచి, "నేను తొక్కానక్కా," అన్నాడు. "బాగానే తొక్కాను. ఇది నా కాలిని..." అని ఆగిపోయాడు. ఆ మాట ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చి ముఖం ఎర్రబడింది.

అమ్మ మెట్లు దిగి వచ్చింది. కారు చుట్టూ తిరిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడి కొడుకుని తేరిపార చూసింది.

"వయసైపోయిందిరా నీకు," అంది. "తప్పు పెడల్ తొక్కి ఉంటావు. ఒప్పుకోరాదూ."

వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు, నుదురు స్టీరింగుకి ఆనించి ఏడ్చాడు. అమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి వాడి తల నిమిరింది. "చాల్లే, లే. ఆ బయటున్నాయన్ని పంపించేసి రా. సీటు నువ్వు జరిపావు కదూ, జరిపినవాడివి మళ్ళీ ముందుకి లాగి దిగు."

లాగి దిగాడు. అమ్మ ఎక్కింది, ఇన్ని రోజుల తర్వాత. ఆమె చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చుంది, పగిలిన రింగు గురించి రెండు ముక్కల్లో చెప్పింది, షెడ్డుకి పోదాం, నెమ్మదిగా పోదాం అంది. అమ్మ తలూపింది. ఎదురుగా పసుపు దీపం వెలుగుతోంది. అమ్మ చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోయింది, ఆపి మళ్ళీ తిప్పడానికి. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. వెలగనీ. అది వెలుగుతున్నంతసేపూ తన్నదు."

అమ్మ ఆమెకేసి చూసింది, దీపానికేసి చూసింది. ఆ చూపు ఈత కొలను దాకా వెళ్ళి, గేటు దాకా వెళ్ళి, తిరిగి రావడం ఆమెకి కనపడుతూనే ఉంది, మధ్యలో తను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

"ఆ రోజు నేనే ఆర్పాను," అంది అమ్మ. "పిల్ల భయపడుతుందని."

"తెలుసమ్మా."

అమ్మ చెయ్యి తాళం మీదనుంచి తీసి గేరు మీద పెట్టింది. ఒకసారి ముక్కు ఎగబీల్చింది. అద్దం సరిచేసుకుంది.

"సరే, వెలగనీ," అంది. "నీ తలుపు సరిగ్గా పడలేదు, ఇంకోసారి వెయ్యి."